వెయ్యిన్నూట పదహారు పేర్ల బండి

కారన్నది ముందుకు పోవాలని లోకమంతా అనుకుంటుంది. మా లింగమూర్తి మావయ్య అనుకోడు. ముప్పై నాలుగేళ్లుగా ఆయన కారును పక్కకు నడుపుతున్నాడు. మలుపు కనబడగానే మనమంతా బ్రేకు తొక్కి దేవుణ్ణి తలుచుకుంటాం. ఆయన మాత్రం వెనక చక్రాలను జారవిడిచి, బండి ముక్కు ఒక దిక్కుకూ, నడక ఒక దిక్కుకూ పెట్టి, నూనె ఎక్కువైన పెనం మీద దోసె జారినట్టు ఆ మలుపు పొడవునా జారిపోతాడు. దీన్ని డ్రిఫ్టింగ్ అంటారనీ, దీనికి పోటీలున్నాయనీ, టైర్ల నుంచి పొగ బాగా వస్తే చూసేవాళ్లు చప్పట్లు కొడతారనీ మా అత్తగారికి ఒకసారి వివరించాను.

"పొగకు చప్పట్లా? మరి పాతికేళ్లు పొట్టు పొయ్యి ముందు కూర్చున్నాను, ఒక్కడూ కొట్టలేదేం?" అన్నారావిడ.

మావయ్య మా అమ్మకు ఆఖరి తమ్ముడు. పగలు డ్రైవింగు స్కూలు నడిపేవాడు. మా ఊళ్లో సగంమందికి స్టీరింగు పట్టడం ఆయనే నేర్పాడు. పాఠం మాత్రం తిన్నగా పోవడమే చెప్పేవాడు. పక్కకు పోవడం తన సొంతానికి దాచుకున్నాడు. పోయిన ఏడాదికి ఆయనకు యాభై తొమ్మిది. ఆ పై ఫిబ్రవరిలో అరవై నిండుతాయి. అరవై నిండినవారికి జిల్లా క్రీడా వికాస కార్యాలయం పోటీ అనుమతి పత్రం ఇవ్వదు. కాబట్టి డిసెంబరులో మా ఊరి చక్కెర మిల్లు మైదానంలో జరిగే పోటీయే ఆయనకు ఆఖరిది. సరిగ్గా ఆ సెప్టెంబరులోనే ఆయన బండి అడుగు చట్రం రెండుగా విరిగింది.

ఆటోనగర్ మెకానిక్ మస్తాన్ బండి కింద దూరి చూశాడు. కాసేపటికి బయటికొచ్చి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఆపరేషన్ గదిలోంచి వరండాలోకి వచ్చిన డాక్టరు లాగా తల వంచుకుని, "గురువుగారూ, పోయింది" అన్నాడు.

మావయ్య బండి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత, "కొత్తది కడదామా?" అన్నాడు.

నిజానికి కట్టడం ఏమంత కష్టం కాలేదు. మావయ్య దగ్గర నేర్చుకున్నవాళ్లు నలభై ముగ్గురు వారం తిరక్కముందే తలా ఒక వస్తువు పట్టుకొచ్చి మస్తాన్ షెడ్డులో పడేశారు. ఒకరు ఇంజను, ఒకరు గొట్టాలు, ఒకరు సీటు. ఇసుక లారీల మల్లికార్జునం నాలుగు టైర్లు దింపి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఎవరూ పేరు చెప్పుకోలేదు, ఎవరూ ఫొటో తీయించుకోలేదు. అభిమానం ఇంత క్రమశిక్షణ లేకుండా ప్రవర్తిస్తే ప్రభుత్వం ఊరుకోదని మాకప్పుడు తెలియదు.

అనుమతి పత్రం కోసం క్రీడా వికాస కార్యాలయానికి మావయ్యతో పాటు నేనూ వెళ్లాను. బి.ఏ. పాసై ఇరవై రెండేళ్లుగా చారు కాస్తున్నదాన్ని. మా చుట్టాల్లో ఎవరికి దరఖాస్తు కావాలన్నా నాకే కబురొస్తుంది. ఉప సంచాలకులు గంగాధరం గారు మా కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అమ్మా, క్రీడాకారులను ప్రోత్సహించుటయే ఈ కార్యాలయపు విధి. అయితే ఎవరిని ప్రోత్సహించవలెనో మేము నిర్ణయించరాదు. ప్రజలు నిర్ణయించవలెను. అందులకే ఈ సంవత్సరము నుండి జనాదరణ నిరూపణ పథకము అమలులోనికి వచ్చినది."

"మంచిదేనండీ. ప్రజలే బండి కడుతున్నారు" అన్నాడు మావయ్య.

"కట్టుట వేరు, కనబడుట వేరు." ఆయన ఒక పుస్తకం తెరిచి చదివారు. "స్థానికముగా నిర్మింపబడు క్రీడా వాహనమునకు కనీసము వెయ్యిన్నూట పదహారుగురు అభిమానుల మద్దతు ఉండవలెను. సదరు మద్దతు వాహనముపై కంటికి కనిపించునట్లును, చెరగని రీతిలోను ప్రదర్శింపబడవలెను."

"సంతకాలు చేయించి కాగితం అంటిస్తే సరిపోదాండీ?"

"కాగితము చిరుగును."

"పోనీ పెయింటుతో రాయిస్తే?"

"పెయింటు రాలును."

ఆయన తన బల్ల మీదున్న స్టీలు గ్లాసు ఎత్తి, అందులో మిగిలిన మంచినీళ్లు తాగేసి, గ్లాసును మా వైపు తిప్పి చూపించారు. అంచు కింద చుక్కలు చుక్కలుగా ఒక పేరూ, పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో ఒక తారీఖూ చెక్కి ఉన్నాయి. "మా పెదతండ్రిగారి గృహప్రవేశమున పంచినది. ఆ గృహము లేదు, మా పెదతండ్రిగారును లేరు. పేరు మాత్రము ఉన్నది. చెరగని రీతి అనగా ఇది."

బయటికొచ్చాక మావయ్య స్కూటరు తీయకుండా దానివంకే చూస్తూ నిలబడ్డాడు. "హైమా, బండి మీద గిన్నెల మాదిరి పేర్లు చెక్కించాలంటున్నాడా ఆయన?"

"అవును మావయ్యా."

"వెయ్యిన్నూట పదహారా?"

"శుభసంఖ్య కదా, తగ్గించరు."

మా ఊరి సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మా వైపు ఏ వస్తువైనా పేరు చెక్కాకే వస్తువవుతుంది. మా ఇంట్లో ఉన్న పద్నాలుగు పళ్లాల్లో మా పేరున్నవి మూడు. మిగిలినవన్నీ ఎవరెవరి పెళ్లిళ్లలోనో, ఎవరెవరి రిటైర్మెంట్లలోనో పంచినవి. మా గుళ్లో ట్యూబులైటు మీద దాత పేరూ, దాత తండ్రి పేరూ, ఊరూ, గోత్రమూ రాశాక మిగిలిన జాగాలోంచి ఎంత వెలుతురు వస్తుందో అంతే వస్తుంది. ఎవరూ ఏమీ అనుకోరు. వెలుతురు కోసం పక్కన ఇంకో ట్యూబులైటు ఉంది, దానికి ఇంకో దాత ఉన్నాడు.

అందువల్ల, సాయం అడిగితే నలభై ముగ్గురు వచ్చిన చోట, పేరు చెక్కుతామనేసరికి మూడు రోజుల్లో వెయ్యిన్నూట పదహారూ నిండిపోయాయి. ఇంకా రెండొందల మంది బయట బెంచీల మీద కూర్చున్నారు. వీళ్లలో డ్రిఫ్టింగ్ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఎందరో నేనడగలేదు. ఒకాయన నీళ్ల పంపు పథకం అనుకున్నాడు. ఒకావిడ తన కోడలికి పుట్టబోయే బిడ్డ పేరున ఒక రేకు కావాలంది. బిడ్డకు ఇంకా పేరు లేదు కదమ్మా అంటే, "ఇంటిపేరు చెక్కి, పక్కన జాగా వదలండి" అంది.

అభిమానులున్న చోటికి అధ్యక్షుడు తనంతట తానే వస్తాడు. మాకు ధనుంజయరావు గారు వచ్చారు. పూర్వం ఒక సినిమా హీరోకు జిల్లా అభిమాన సంఘాధ్యక్షుడిగా పద్దెనిమిదేళ్లు చేసిన మనిషి. ఆ హీరో సినిమాలు తగ్గించాక ఈయన అభిమానం ఖాళీగా ఉంది. తెల్ల చొక్కా, చేతిలో చిన్న సంచీ, సంచీలో తన ఫొటోలు మూడు సైజుల్లో.

మొదటి సమావేశం మస్తాన్ షెడ్డులోనే జరిగింది. చర్చించాల్సిన అంశాలు నేనే రాశాను. అధ్యక్షుడి ఎన్నిక మొదటిది, ఫ్లెక్సీలో ఫొటోల వరస రెండోది, బండి మూడోది. మొదటి అంశం అయిదు నిమిషాల్లో అయిపోయింది: ధనుంజయరావు గారు అధ్యక్షుడు, రేకుల ఖర్చు పెట్టుకుంటానన్న రైసు మిల్లు యజమాని గౌరవాధ్యక్షుడు. రెండోదానికి నాలుగు గంటలు పట్టింది. గౌరవాధ్యక్షుడి ఫొటో అధ్యక్షుడి ఫొటో కంటే పైన ఉండాలా, పక్కన ఉండాలా అన్న చోట, బండి మీద తమ పేర్లు పడే జాగాను బట్టి ముందు చక్రాల వర్గమనీ వెనక చక్రాల వర్గమనీ సభ రెండుగా చీలింది. వెనక చక్రాలవాళ్లు, డ్రిఫ్టులో కష్టపడేది వెనక చక్రాలే కాబట్టి తమ పేర్లు పెద్దగా ఉండాలన్నారు. విషయపరిజ్ఞానంతో ఎవరైనా మాట్లాడింది ఆ రోజంతటికీ అదొక్కటే. మూడో అంశం వాయిదా పడింది.

"ధనుంజయరావు గారూ, ఫ్లెక్సీలో మా మావయ్య ఫొటో ఎక్కడండీ?" అనడిగాను.

ఆయన ఫ్లెక్సీ నమూనా కేసి శ్రద్ధగా చూశారు. "కింద కుడి మూల జాగా ఉందమ్మా. ప్రింటింగు ప్రెస్సువాడి ఫోన్ నంబరు కొంచెం జరిపితే సరిపోద్ది."

మర్నాటి నుంచి పాత్రల కొట్టులో పేర్లు చెక్కే సుబ్బన్న తన మిషను తెచ్చుకుని షెడ్డులో కూర్చున్నాడు. పొద్దస్తమానం గిర్రుమని శబ్దం. అరచెయ్యంత స్టీలు రేకు, రేకుకొక పేరు, నాలుగు మూలలా నాలుగు మేకులు. బండి తలుపుల మీదా, కప్పు మీదా, బానెట్టు మీదా చేప పొలుసుల్లాగా రేకులు ఎక్కుతున్నాయి. కార్యవర్గ సభ్యులు పన్నెండుమందికి పళ్లెమంత రేకులు. గౌరవాధ్యక్షుడికి ముందు అద్దం మీద ఫొటోతో సహా ఒక చట్రం. ఆయన చెవికీ మీసానికీ నడుమ ఉన్న సందులోంచి మావయ్యకు రోడ్డు కనబడుతుందని కార్యవర్గం కొలిచి మరీ నిర్ధారించింది.

ఇంజను ఇచ్చినాయన, టైర్లు దింపిన మల్లికార్జునం, మొదటి నలభై ముగ్గురు, వీళ్ల పేర్లు జాబితాలో లేవు. వాళ్లు వస్తువులిచ్చారు గానీ పేర్లివ్వలేదు. నిబంధన ప్రకారం వాళ్ల మద్దతు నిరూపణ కాలేదు.

నేనొక రేకు ఇంటికి తెచ్చి, పప్పులు తూచే కాటా మీద పెట్టాను. నూటయాభై గ్రాములు. కందిపప్పులో రాళ్లేరుతూ లెక్క వేశాను. వెయ్యిన్నూట పదహారు రేకులు నూట అరవై ఏడు కిలోలు. పళ్లేలు, మేకులు, గౌరవాధ్యక్షుడు కలిపితే రెండొందలు దాటింది. ఆ రోజు పప్పులో ఒక రాయి మిగిలిపోయింది, మా ఆయన పంటి కింద పడింది. ఏమిటని అడిగితే, "అభిమానం" అన్నాను.

నవంబరు మొదటి ఆదివారం మిల్లు మైదానంలో పరీక్ష నడక. గంగాధరం గారు పరిశీలనకు వచ్చారు. పూర్వం చెరకు బళ్లు నిలబెట్టిన సిమెంటు నేల అది, జారడానికి అంతకంటే మంచి చోటు జిల్లాలో లేదు. మావయ్య హెల్మెట్టు పెట్టుకుని లోపల కూర్చున్నాడు. కొబ్బరికాయ కొట్టారు. బండి కదిలింది. కదలగానే వెయ్యి రేకులూ ఒక్కసారి మోగాయి.

"గురువుగారూ, ఇది బండి గాదు, గిన్నెల కొట్టు" అని మస్తాన్ తలపట్టుకున్నాడు.

మలుపు దగ్గర మావయ్య చెయ్యాల్సిందంతా చేశాడు. స్టీరింగు తిప్పాడు, హ్యాండు బ్రేకు లాగాడు. బండి జారలేదు. పెళ్లివారి కారు మండపం ముందు మళ్లినట్టు, గౌరవంగా, నిదానంగా మళ్లింది. అభిమానులు ఈలలు వేశారు. అంత నిదానంగా మళ్లడంవల్ల ఎవరి పేరు వాళ్లకు బాగా కనబడింది.

గంగాధరం గారు మాత్రం సంతృప్తి పడలేదు. చేతిలో జాబితా పట్టుకుని గ్యాలరీలో నిలబడి, రెండోసారి బండి కొంచెం వేగంగా పోయినప్పుడు ముప్పై నాలుగో పేరు దగ్గర ఆగిపోయారు. "చదువుటకు వీలు కాలేదు" అన్నారు.

"కారు కదండీ. పోతది" అన్నాడు మావయ్య.

"పోవుటకు ఈ కార్యాలయము అభ్యంతరము చెప్పదు. చదువబడుచు పోవలెను."

ఆ వారంలో మూడు సర్క్యులర్లు వచ్చాయి. మొదటిది: జనాదరణ వాహనము సగటు ప్రేక్షకుడు ఒక పేరును పూర్తిగా చదువుటకు పట్టు కాలమును దృష్టిలో ఉంచుకొని, గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగమును మించరాదు. రెండోది: టైర్ల నుండి వెలువడు పొగ దాతల పేర్లను కప్పివేయుచున్నది, ఇది మద్దతును మరుగుపరచుట కిందకు వచ్చును, కావున పొగ నిషేధింపబడినది. మూడోది అన్నిటికంటే దీర్ఘంగా ఆలోచించి రాసినట్టుంది: వాహనము పక్కకు జారునపుడు ఒక పార్శ్వమున గల పేర్లు మాత్రమే ప్రేక్షకులకు కనిపించుచున్నవి, రెండవ పార్శ్వము వారికి ఇది అన్యాయము, కావున వాహనము మలుపు మధ్యలో ఆగి, ఉన్నచోటనే ఒక చుట్టు తిరిగి, ఉభయ పార్శ్వములను సమానముగా చూపి, తదుపరి సాగవలెను.

మావయ్య నేరుగా కార్యాలయానికే వెళ్లాడు. నేనూ పక్కనే ఉన్నాను.

"ఉన్నచోట తిరగడమంటే ఎట్టాగండీ? తిరగలి మాదిరా?"

గంగాధరం గారు కలం తీసి, "తిరగలి" అని కాగితం మీద రాసుకున్నారు. "ఉపమానము బాగున్నది. సవరణలో చేర్చెదము."

ఆ సాయంత్రం మావయ్య మా వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, నేను అడగకుండానే చిక్కుడుకాయలు అందుకున్నాడు. ఈనెలు తీయడంలో ఆయన చెయ్యి ఎప్పుడూ చకచకా ఆడుతుంది. ఆ రోజు ఒక్కొక్క కాయా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మానేద్దాంలే హైమా."

"ఎందుకు?"

"పన్నెండు కిలోమీటర్ల వేగాన పేర్లు చూపించుకుంటా తిరగడానికి నేనెందుకు? ట్రాక్టరు తోలేవాడైనా చాలు. నాకు కావాల్సింది ఒక్క జారుడు. సరైన బండి, సరైన నేల, ఒక్కసారి. తర్వాత అరవై కాదు, ఎనభై వచ్చినా గొడవ లేదు." కాయ గిన్నెలో వేశాడు. "వాళ్లందరూ నా మీద అభిమానంతో వచ్చినవాళ్లని నువ్వూ నమ్ముతున్నావా?"

"పేరు మీద అభిమానంతో వచ్చారు. అదీ అభిమానమే కదా."

"నీకు నవ్వులాటగా ఉంది."

నాకు నవ్వులాటగా లేదు. ఆయన వెళ్లాక పొయ్యి కట్టేసి, మా పిల్ల నోటుపుస్తకంలోంచి రెండు తెల్ల కాగితాలు చింపాను. ఎవరితో మాట్లాడాలన్నా వాళ్ల భాషలో మాట్లాడాలని మా అమ్మ అనేది. కూరలవాడితో కూరల భాష, కార్యాలయంతో కార్యాలయం భాష. ఇలా రాశాను:

"మహారాజశ్రీ ఉప సంచాలకులు గారి దివ్యసముఖమునకు. తమరు జారీ చేసిన సర్క్యులర్లు మూడును చదివి కనువిప్పు కలిగినది. వాహనము కదులుట వలననే దాతల పేర్లకు అగౌరవము వాటిల్లుచున్నదని తమరు కనుగొనియున్నారు. అయితే పన్నెండు కిలోమీటర్ల వేగము సైతము కదలికయే అగుట వలన, అగౌరవము తగ్గునే గాని తొలగదు. కావున వాహనము నందలి కదలిక సంభవించు భాగములను, అనగా ఇంజను, చక్రములు, చట్రము మరియు చోదకుని, వేరుపరచి, పేర్లు గల పైతొడుగును గ్యాలరీ ఎదుట పందిరిలో స్థిరముగా ప్రతిష్ఠించుటకు అనుమతి వేడుచున్నాము. వేరుపరచబడిన భాగములను పోటీ జరుగు సమయమున ఎవరికిని అడ్డు రాకుండ మైదానమున తిరుగుచుండునట్లు చూచెదము."

చివరి వాక్యం రాసి కాసేపు ఆలోచించాను. మరీ బాహాటంగా ఉందేమో అనిపించింది. ఉండనిచ్చాను.

ధనుంజయరావు గారి సంతకం కావాలి. ఆయన చదివి, సంచీలోంచి కలం తీస్తూ ఒక్కటే అడిగారు. "పందిట్లో గౌరవాధ్యక్షుడి ఫొటో నా ఫొటో కంటే పైన ఉండదుగా?"

"బండి అద్దం మీద ఉంటుంది కాబట్టి అది నడుం ఎత్తుకే వస్తుందండీ. మీ ఫొటో పందిరి గుంజకు కట్టిద్దాం."

ఆయన రెండుచోట్ల సంతకం చేశారు.

గంగాధరం గారు ఆ దరఖాస్తు చదువుతుంటే నేనెదురుగానే కూర్చున్నాను. మొదటి పేరా దగ్గర తల ఊపారు. రెండో పేరా దగ్గర నిలబడ్డారు. "అమ్మా, ఇంతకాలము మేము క్రీడను, జనాదరణను ఒకే వాహనమున ఇరికించుటకు యత్నించుచుంటిమి. సమస్య అంతయు అక్కడనే ఉన్నది. కదలిక ఒక అనివార్యమైన దోషము మాత్రమే. దానిని వేరు చేసినచో మిగులునది శుద్ధమైన జనాదరణ."

"అవునండీ."

"పేర్లు ప్రదర్శించుటయే గాక, పఠింపబడవలెను. పోటీ దినమున వెయ్యిన్నూట పదహారు నామములను నేనే స్వయముగా మైకున పఠించెదను. అకారాది క్రమమున."

అనుమతి పత్రం ఆ రోజే చేతికొచ్చింది. పేర్ల వరస సంగతి తెలిసి ధనుంజయరావు గారు మాత్రం పరుగెత్తుకుంటూ వచ్చారు. అధ్యక్షుడి పేరు నడిమధ్యన ఎక్కడో 'ధ' దగ్గర రావడం ఆయనకు నచ్చలేదు. సినిమాల్లో పెద్ద పేరు చివర వేస్తారనీ, తన పేరు అన్నిటి తర్వాత, కాసేపు విరామమిచ్చి చదవాలనీ పట్టుబట్టి సాధించుకున్నారు.

పోటీ రోజు మధ్యాహ్నానికి మైదానం నిండిపోయింది. గ్యాలరీ ఎదుట పందిరి, పందిట్లో చెక్క స్టాండు మీద పేర్ల తొడుగు. లోపల ఇంజను లేదు, కింద చక్రాలు లేవు. రేకులు తోమి తోమి మెరిపించారు. పూలదండలు వేశారు, బిందెలతో పాలు పోశారు. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని, "అదుగో నాన్న పేరు, డోరు కింద" అని చూపిస్తున్నారు.

మైదానం అవతలి చివర, ఎండలో, మావయ్య బండి. గొట్టాల చట్రం, ఇంజను, ఒక సీటు, నాలుగు చక్రాలు. ముందు అద్దం కూడా లేదు. పోటీ నడిపేవాళ్లు పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు. మా అభిమానంతో వాళ్లకు పరిచయం లేదు. బండికి పదిహేడో నంబరు కట్టి, కొలతలు చూసి, "రెండు రౌండ్లు" అని చెప్పి వెళ్లిపోయారు. మస్తాన్ చట్రాన్ని ఒక చేత్తో ఊపి చూశాడు. "రెండొందల కిలోలు దిగినయ్ గురువుగారూ. ఇయ్యాల ఇది నేల మీద ఆగదు."

మూడు గంటలకు గంగాధరం గారు మైకు అందుకున్నారు. "అక్కినేపల్లి అచ్యుతరామయ్య గారు. అడుసుమిల్లి అనసూయమ్మ గారు."

మావయ్య మొదటి రౌండు 'అ' అక్షరం మొదట్లోనే జరిగింది. చూసినవాళ్లం నేనూ, మస్తానూ, మిరపకాయ బజ్జీలవాడూ. బండి మలుపులోకి పోయి, ఒక్కసారి నడుం తిప్పింది. వెనక భాగం విడిపోయి వస్తుందా అన్నట్టు బయటికి ఊగింది. తెల్లటి పొగలో ముక్కు ఒక్కటే మా వైపు చూస్తూ, మలుపు పొడవునా అలా పక్కకు జారుకుంటూ పోయింది. బజ్జీలవాడి బాణలిలో ఒక వాయి మాడింది. "పోతే పోయింది లెండి" అన్నాడు వాడు.

గ్యాలరీలో ఒక్క తలా తిరగలేదు. తమ పేరు వచ్చేవేళకు అటు చూస్తూ ఉంటే ఎలా?

కానీ ఒక విషయం నేనూ ఊహించలేదు, గంగాధరం గారూ ఊహించలేదు. పేరు విన్నాక మనిషికి ఇంక పనిలేదు. అచ్యుతరామయ్య గారు తన పేరు విన్నారు, చప్పట్లు కొట్టించుకున్నారు, ఫొటో దిగారు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూశారు. చక్రాల అరుపు వినబడి వెనక్కి తిరిగారు. అలా 'అ' వాళ్లు తిరిగారు, తర్వాత 'ఇ' వాళ్లు. 'క' వాళ్లు ఎక్కువమంది కావడంతో 'క' అయ్యేసరికి గ్యాలరీ ఒక పక్కకు ఒరిగినట్టయింది.

రెండో రౌండు వేళకు పఠనం 'ప' దాటింది. ఏడొందలమంది అవతలి కంచె దగ్గరికి చేరారు. మావయ్య ఈసారి మొదటి మలుపు జారి, తిన్నగా చేసుకోకుండానే రెండో మలుపులోకి అదే జారుడు మీద బండిని ఎదురు తిప్పాడు. ఒక క్షణం బండి ఎటు పోతుందో దానికే తెలియనట్టుంది. తర్వాత తెలుసుకుంది. పొగ లేచి కంచె దాటి జనం మీద పడింది. ఎవరూ మొహం తిప్పుకోలేదు.

పుట్టని మనవడికి రేకు వేయించుకున్నావిడ నా పక్కనే ఉంది. "ఏమమ్మా, ఇదేనా ఆయన చేసేది?"

"ఇదేనండీ."

"మరి ముందే చెప్పొచ్చుగా. ఊరికే స్టీలు పని అనుకున్నాం."

మైకులో గంగాధరం గారి గొంతు వినబడింది. "సభికులకు విజ్ఞప్తి. 'బ' అక్షరము ప్రారంభమైనది. పేరు చదువబడినవారు సైతము తోటి దాతల గౌరవార్థము ఇటే చూడవలెను. పొగవైపు చూడరాదు."

మావయ్యకు మూడో స్థానం వచ్చింది. మొదటి రెండూ ఇద్దరు కుర్రాళ్లు కొట్టారు. "వాళ్లిద్దరి వయసూ కలిపినా నాది రాదు" అని మావయ్య హెల్మెట్టు తీస్తూ అన్నాడు. ఫిర్యాదులాగా లేదు. చేతులు ఇంకా స్టీరింగు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. జనం ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎత్తుకున్నవాళ్లలో ముందు చక్రాల వర్గమూ ఉంది, వెనక చక్రాల వర్గమూ ఉంది. పైకెత్తుతుంటే, "ఒరే, మెల్లిగా, నడుం" అని మాత్రం అన్నాడు.

ఆరుంబావుకు, ఖాళీ గ్యాలరీ ఎదుట, విరామం తర్వాత, ధనుంజయరావు గారి పేరు చదివారు. వినడానికి ఆయనా, మైకు అద్దెకిచ్చినవాడూ ఉన్నారు. ఆయన నింపాదిగా పందిట్లోంచి నా దగ్గరికి వచ్చి, మెళ్లో దండ సర్దుకున్నారు.

"కార్యక్రమం నిండుగా జరిగిందమ్మా. ఇంతకీ లింగమూర్తి గారు బండి ఎప్పుడు తిప్పుతారు?"

పది రోజుల తర్వాత కార్యాలయం నుంచి మావయ్యకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. తనకు ఆ భాష రాదని నాకిచ్చి చదవమన్నాడు. నేను పైకి చదివాను.

"తమరి జనాదరణ వాహనము పోటీ ఆద్యంతము పందిరి యందు స్థిరముగా నుండెనని ఈ కార్యాలయము స్వయముగా ధ్రువపరచుచున్నది. పదిహేడవ సంఖ్య గల ఏదో ఒక పేరులేని వాహనము తృతీయ స్థానము పొందినట్లు వినికిడి. దానితో ఈ కార్యాలయమునకు సంబంధము లేదు. జనాదరణ వాహనము కదలనందున తమరు పోటీలో పాల్గొనినట్లు పరిగణించుటకు వీలు లేదు. కావున తమరికి మంజూరైన అవకాశము వినియోగింపబడనిదై, సదరు వాహనము కదలు వరకు ఏటేటా కొనసాగును. వయోపరిమితి విషయమున, అవకాశము మంజూరైన నాటి వయస్సే ప్రామాణికము."

"మళ్లీ చదువు" అన్నాడు మావయ్య.

మళ్లీ చదివాను.

"అంటే, ఆ పేర్ల తొడుగు కదలనంతకాలం నాకు యాభై తొమ్మిదే?"

"ప్రభుత్వ లెక్క ప్రకారం అంతే మావయ్యా."

ఆయన నా ఫోన్ అందుకుని మస్తాన్ నంబరు నొక్కాడు.

"మస్తానూ, పందిట్లో ఆ స్టాండు ఉంది చూడు. దానికి ఇంకో నాలుగు బోల్టులు బిగించు. గట్టిగా."